వంకదరి తాగిన పుస్తకం

చెప్పినవారు చెప్పి వెళ్లిపోయారు. విన్నవారు విన్నది దాచుకున్నారు. ఇది ఆ దాచినదాంట్లో ఒక పిడికెడు. పెద్దలు ఊఁ కొట్టాలి, పిల్లలు నిద్రపోకూడదు.

ఎన్నో వానలకు వెనుక, కోటలో రాజెవరో పల్లెకు తెలియని కాలంలో, వంకదరి అని ఒక ఊరు. ఊరి పక్కన ఒక వంక. వానొస్తే అది పొంగి పారుతుంది, ఎండొస్తే బండ్లు నడిచే దారవుతుంది. వంక ఒడ్డున ఒక గుడిసె. గుడిసెలో ఇద్దరు మనుషులు, ఒక విల్లు.

ఆ విల్లు బాణం వేసేది కాదు, దూది ఏకేది. దాన్ని పట్టేవాడు దూదేకుల హొన్నూరుసా. అతని ఎదుట కూర్చుని, దూదిలో మిగిలిన గింజలనూ ఆకు తునకలనూ ఏరేది అతని భార్య పీరాంబీ. ఆ ఇళ్లలో ఆడవారు గింజలు ఏరుతారు, విల్లు పట్టరు. అది వారి ఆచారం.

టుంయ్, టుంయ్, టుంయ్. కొయ్య గూటంతో తంతి మీద మూడు దెబ్బలు. మూడు దెబ్బలకు దూది జానెడు పైకి లేచేది. వారు ఏకిన దూది మీద ఊరంతా నిద్రపోయేది. వారిద్దరూ చాప మీద పడుకునేవారు. దానికి వారెన్నడూ చింతించలేదు.

ఒక ఏడు, అరబ్బు దేశపు గుర్రాల వర్తకులు కోటపట్నానికి పోతూ వంకదరిలో ఆగారు. వారిలో సాలిం అనే ముసలాయనకు వంక దాటుతుండగా కాలు విరిగింది. వర్తకులు వెళ్లిపోయారు. ముసలాయన మిగిలిపోయాడు. నేల మీద నొప్పితో దొర్లుతున్న ఆయనకు హొన్నూరుసా ఒక పరుపు కుట్టి తెచ్చి వేశాడు. ముసలాయన మూడు రోజులు కదలకుండా నిద్రపోయాడు. లేచి, వచ్చీరాని తెలుగులో అడిగాడు.

"నీకు ఏమి కావాలి?"

"మీరు నిద్రలో ఏదో పలికినారు అయ్యా. అది వింటుంటే నా చేతిలో గూటం నిలబడిపోయింది. అదేందో నేర్పండి."

"అది ప్రార్థన. అరబీ మాట."

"అదే నేర్పండి."

సాలిం మూడేళ్లు నేర్పాడు. మొదటి ఏడు అక్షరాలు. రెండో ఏడు మాటలు. మూడో ఏడు, ఏ మాట రాయకుండా ఉండాలో. నాలుగో ఏడు ఆయన కన్నుమూశాడు. ఒక రెల్లు కలం, లోపల కాగితం లేని ఒక తోలు అట్ట హొన్నూరుసాకు మిగిలాయి.

ఆ రోజు నుంచి హొన్నూరుసా రాయడం మొదలుపెట్టాడు. దీపపు మసిలో తుమ్మబంక కలిపి సిరా చేసుకున్నాడు. పని నడుస్తుండగానే మాట వచ్చేది. టుంయ్, టుంయ్, టుంయ్. మూడు దెబ్బలకు ఒక మాట. దాన్ని మొదట అరబీలో పలికేవాడు, తర్వాత దాని అర్థాన్ని తెలుగులో చెప్పేవాడు.

"విను, పీరాంబీ. 'ప్రభూ, గింజతో ఉన్న పత్తిని నేను. గింజను తీసే చేయి నీది. నొప్పి నాది, తెలుపు నీది.' ఎట్లుంది?"

"బాగుంది."

పీరాంబీ ఎప్పుడూ ఆ మాటే అనేది. అతడు ఆమె మాట కోసం ఆగేవాడు కాదు. తల వంచి కిందికి, దూది కుప్ప వైపు, ఒక్క చూపు చూసేవాడు. చూసి, కొన్నిసార్లు కలం తీసేవాడు. కొన్నిసార్లు తల అడ్డంగా ఊపి, మళ్లీ గూటం ఎత్తేవాడు. అతడు ఏమి చూస్తున్నాడో పీరాంబీకి తెలియదు. ఎంత దూది ఏకడం అయిందో చూస్తున్నాడనుకునేది.

అలా ఒక పుట పూర్తయింది. దాన్ని చక్కగా మరో కాగితం మీద ఎత్తి రాసి, హొన్నూరుసా కోటపట్నానికి నడిచాడు. అక్కడ పెద్ద మదరసా ఉంది. గొప్ప పుస్తకాలన్నీ అక్కడి అలమరలో ఉంటాయి.

మొదటిసారి వెళ్లినప్పుడు గుమ్మం దగ్గరి కావలివాడు అతని భుజం మీది దూది పీచు చూశాడు. "పరుపులు వెనక గుమ్మం వైపు," అన్నాడు. హొన్నూరుసా తిరిగివచ్చాడు.

రెండోసారి వెళ్లినప్పుడు విద్యార్థులు చుట్టుముట్టారు. వారిలో షరీఫు అనే కొత్త గడ్డం కుర్రవాడు అన్నాడు, "విల్లు తేలేదా మామా? వచ్చినవాడివి మా గడ్డాలైనా ఏకిపోకూడదూ!" అందరూ నవ్వారు. హొన్నూరుసా కూడా నవ్వి, తిరిగివచ్చాడు.

మూడోసారి వెళ్లినప్పుడు, వృద్ధుడైన మౌల్వీ జైనుల్లా మెట్లు దిగుతూ ఆ కాగితాన్ని అందుకున్నాడు. నిలబడి చదివాడు. మెట్టు మీద కూర్చుని మళ్లీ చదివాడు.

"ఇది ఎవరి పుస్తకంలో చూసి రాశావు?"

"చూసి రాయలేదు హజ్రత్. ఏకుతుంటే వచ్చింది."

మౌల్వీ కాగితాన్ని మడిచి అంగీ లోపల పెట్టుకున్నాడు. "దీన్ని నా దగ్గర ఉంచుతున్నాను. పుస్తకం పూర్తి కాగానే కబురు చెయ్యి. నేనే వస్తాను. ఇక్కడి సభలో మొదటి పుట నుంచి చివరి పుట దాకా చదివిస్తాను. కాని ఒకటి విను. ఒక్క పుట తక్కువైనా తీసుకోను. సగం పుస్తకాలకు ఈ అలమరలో చోటు లేదు."

ఇంటికి వచ్చి హొన్నూరుసా ఆ మాటలన్నీ పీరాంబీకి చెప్పాడు. మూడుసార్లు చెప్పాడు. మూడోసారి చెబుతూ గూటం ఎత్తడమే మరిచాడు. తన భర్తకు ఈ లోకంలో కావలసింది ఒకటుందని పీరాంబీకి ఆ రోజు తెలిసింది.

ఏడేళ్లు పట్టింది. ఏడేళ్లకు నలభై పుటలు. పుస్తకానికి 'కితాబుల్ ఖుత్న్' అని పేరు పెట్టాడు. అంటే పత్తి పుస్తకం. తోలు అట్టలో ఆ పుటలను దారంతో బిగించి, కోటపట్నం పోయే గానుగ నూనె బండివానితో మౌల్వీకి కబురు పంపాడు.

కబురు వెళ్లింది. మౌల్వీ రాకముందే వాన వచ్చింది.

అది మామూలు వాన కాదు. వంక పొంగి ఊళ్లోకి వచ్చింది. బావుల్లో బురద నీరు చేరింది. నీరు తీసింది, జ్వరం మిగిలింది. వాంతులు, ఒళ్లు కాలడం, పలవరింత. ఇంటికొకరు పడ్డారు.

వంకదరికి ఒక పాత నమ్మకం ఉంది. జబ్బు పడితే అరబీలో రాసిన ప్రార్థనను నీళ్లలో కడిగి, ఆ నీళ్లు తాగుతారు. హిందువని లేదు, ముసల్మానని లేదు, అందరూ తాగుతారు. అందుకే ఒక ఉదయం కుమ్మరి సుంకులమ్మ, ఒళ్లు కాలుతున్న కూతురు లచ్చిని భుజాన వేసుకుని హొన్నూరుసా గుమ్మంలో నిలబడింది.

"సాయిబూ, నా బిడ్డ కండ్లు తెరవడంల్యా. ఏమన్నా రాసియ్యి నాయనా."

హొన్నూరుసా వెంటనే ఒక పళ్లెం తీసి, దాని మీద ప్రార్థన రాసి చేతికిచ్చాడు. సుంకులమ్మ అందుకోలేదు.

"ఇది తడి ఆరని మసి. దీనికేం బలముంటాది? నువ్వు ఏడేండ్లు ఊపిరి పోసిన మసి ఆ పుస్తకంలో ఉండాది. అందులోది ఒక్క కాగితం ఇయ్యి."

"మసికి వయసు లేదక్కా. అదీ ఇదీ ఒకటే."

"మాకు తెలియదా? పాత చింతపండుకు గుణముంది, పాత నెయ్యికి గుణముంది, పాత మసికి మాత్రం లేకపోయెనా?"

పీరాంబీ లేచి ఇద్దరి మధ్యా నిలబడింది. "సుంకులక్కా, నా ఇంటి గోడ అడుగు, పగలగొట్టి ఇస్తా. నా చెవుల కమ్మలు అడుగు, తీసి ఇస్తా. పుస్తకం అడగవాకు. దానికోసం మౌల్వీ వస్తాండాడు. ఒక్క పుట తగ్గినా తీసుకోడు."

సుంకులమ్మ ఏడవలేదు. లచ్చిని భుజం మీద నుంచి దించి, పీరాంబీ చేతుల్లో పెట్టింది, అంతే. బిడ్డ బరువు పీరాంబీ చేతులకు తెలిసింది. కాలుతున్న పొయ్యి రాయిలా ఉంది ఆ బిడ్డ.

వెనక దారం తెగిన చప్పుడైంది. హొన్నూరుసా మొదటి పుట తీశాడు.

"రాసిన చేయి ఉందిగదా, పీరాంబీ. మళ్లీ రాసుకుంటాను," అన్నాడు. తర్వాత సుంకులమ్మ వైపు తిరిగాడు. "అక్కా, మూడు కట్టుబాట్లు. వినని మాట తాగకూడదు. మూడుసార్లు నేను చెబుతాను, మూడుసార్లు నువ్వు చెప్పాలి. అరబీలోనే చెప్పాలి, అర్థం తెలుసుకుని చెప్పాలి. ఇది మొదటిది. ఈ మసి చన్నీళ్లకు కరగదు. నీళ్లు మూడు పొంగులు పొంగాలి. ఇది రెండోది. ఈ నీళ్లు బిడ్డ కోలుకునేదాకా సరిపోవాలి గనక, తగ్గినప్పుడల్లా మూడు పొంగుల నీళ్లే కలపాలి. బావి నీళ్లు పచ్చివి ఒక్క చుక్క కూడా బిడ్డకు పొయ్యకూడదు. ఇది మూడోది."

సుంకులమ్మకు అరబీ నోరు తిరగలేదు. హొన్నూరుసా విల్లు తీసి మీటాడు. టుంయ్, టుంయ్, టుంయ్. దెబ్బ మీద మాట పెట్టి చెప్పాడు. కుండల సారె తిప్పే మనిషికి తాళం కొత్త కాదు. మూడోసారికి సుంకులమ్మ నాలుక మీద ఆ పుట నిలబడింది.

నాలుగో రోజు లచ్చి లేచి కూర్చుని సంగటి అడిగింది.

ఇంకేముంది! ఊరంతా పుస్తకం కోసం వచ్చింది. రెండో పుట గొర్రెలు కాచే బీరప్పకు పోయింది. మూడో పుట చాకలి ఉరుకుందు భార్యకు పోయింది. ప్రతి ఒక్కరూ విన్నారు, ప్రతి ఒక్కరూ చెప్పారు, ప్రతి ఒక్కరూ నీళ్లు మూడు పొంగులు కాచారు. చాలామంది లేచారు. ముగ్గురు లేవలేదు. ఉరుకుందు భార్య ఆ ముగ్గురిలో ఒకతె.

పీరాంబీ రోజూ ఆ తోలు అట్టను అరచేతిలో పెట్టి చూసేది. రోజురోజుకూ తేలికవుతోంది. ఒక మధ్యాహ్నం ఆమెకు ఉక్రోషం ఆగలేదు.

"ఊరందరికీ ఇచ్చినావు. ఏడేండ్లు నీ ఎదురుగా కూర్చున్నాను. నాకొక్క పుట ఇచ్చినావా?"

"నీకు జ్వరం రాలేదుగదా!"

"ఓహో, నీ పుట కావాలంటే జ్వరం తెచ్చుకోవల్లనా?"

హొన్నూరుసా నవ్వాడు. నవ్వు మధ్యలో దగ్గు వచ్చింది. "పుస్తకం ఎక్కడికీ పోలేదు పీరాంబీ. పిలిస్తే వస్తుంది," అన్నాడు.

ఆ మాట ఆమెకు అర్థం కాలేదు. మరునాడు అతనికి జ్వరం వచ్చింది. మళ్లీ రాస్తానన్న చేయి వణికింది. కలం జారి నేల మీద పడింది. దాన్ని పీరాంబీ తీసి ఇచ్చింది, మళ్లీ జారింది. మూడోసారి ఆమె కలాన్ని తీసి, ఇవ్వకుండా, తన కొంగున ముడి వేసుకుంది.

అప్పటికి ముప్పై తొమ్మిది పుటలు ఊళ్లోకి వెళ్లిపోయాయి. నలభయ్యోది ఒక్కటే అట్టలో ఉంది. దాన్ని అతడు ఏనాడూ పీరాంబీకి వినిపించలేదు. ఎండ గుమ్మంలోకి వచ్చిన వేళ హొన్నూరుసా దాన్ని తెమ్మన్నాడు.

"ఇది నీది," అన్నాడు. "నేను చెబుతాను, నువ్వు చెప్పు. తాగేది నేను."

మూడుసార్లు అతడు చెప్పాడు. మూడుసార్లు ఆమె చెప్పింది. తర్వాత అర్థం చెప్పాడు. ఆ పుటలో ఏముందో కథ తన సమయానికి చెబుతుంది. ఇప్పటికి ఇంత చాలు: అర్థం విని పీరాంబీ తన రెండు చేతుల వైపు చూసుకుంది. ఎన్నడూ చూడని చేతులను చూసినట్లు చూసుకుంది.

ఆమె నీళ్లు కాచింది. మూడు పొంగులు. పుట కడిగింది. అతడు మూడు గుక్కలు తాగాడు.

"ఒక్కసారి, తెలిసినవాళ్ల ముందు, మొదటి నుంచి చివరి దాకా చదివించు," అన్నాడు.

"చదివిస్తాను," అంది పీరాంబీ.

నాలుగో గుక్క గొంతు దిగలేదు.

అతన్ని సాగనంపేటప్పుడు కఫను అనే ఆఖరి వస్త్రంలో పెట్టడానికి దూది కావాలి. పీరాంబీ అడగలేదు. అయినా ఊరిలో ప్రతి ఇంటివారూ తమ పరుపు మూల విప్పి, హొన్నూరుసా ఏకిన దూదిలోంచే ఒక్కొక్క చిటికెడు తీసి తెచ్చారు. తన చేత్తో గింజ ఏరిన దూదిని పీరాంబీ గుర్తుపట్టింది. దానితోనే అతడు వెళ్లాడు.

విల్లు గోడ మీది కొయ్యకు వేలాడింది. ఖాళీ తోలు అట్ట దాని పక్కన వేలాడింది. ఆ గుడిసెలో చప్పుడు లేకుండా చలికాలం గడిచింది.

వంక ఎండి దారి అయ్యాక, ఒక ఎడ్లబండి వచ్చి ఆగింది. మౌల్వీ జైనుల్లా దిగాడు. ఆయన వెనుక, ఇప్పుడు గడ్డం గుబురుగా పెరిగిన షరీఫు దిగాడు. అతడిప్పుడు విద్యార్థి కాదు, మదరసాలో పండితుడు.

సంగతి విని మౌల్వీ కళ్లు మూసుకుని, పోయినవాని కోసం ప్రార్థించాడు. తర్వాత అడిగాడు. "అమ్మా, పుస్తకం?"

పీరాంబీ తోలు అట్ట తెచ్చి ఆయన ముందు పెట్టింది. షరీఫు దాన్ని తెరిచాడు. లోపల ఒక దూది పీచు ఉంది, అంతే.

"పుస్తకమేదమ్మా?"

"ఊరు తాగింది."

"తాగిందా!" షరీఫు పెద్దగా నవ్వాడు. "ఎట్లా తాగారు? ఉప్పు వేసుకున్నారా, మజ్జిగ కలుపుకున్నారా?" మౌల్వీ వైపు తిరిగాడు. "హజ్రత్, నేను ఆ రోజే చెప్పాను. ఉన్నదే ఒక్క పుట. దానితో మనల్ని ఇంత దూరం రప్పించారు. బండి కట్టమంటారా?"

మౌల్వీ చేతికర్ర అందుకుని లేవబోయాడు.

ఆ కర్ర నేల మీద ఆనితే భర్తకు పీరాంబీ ఇచ్చిన మాట పోతుంది. ఆమెకు అతడన్న ఒక్క మాట గుర్తుకువచ్చింది. పిలిస్తే వస్తుంది. ఎట్లా పిలవాలి? ఒక్కొక్క ఇంటికీ పోయి పిలిచేలోగా బండి వంక దాటుతుంది.

ఆమె గోడ వైపు చూసింది. ఆ ఇళ్లలో ఆడవారు విల్లు పట్టరు. పీరాంబీ విల్లు దించింది. గూటం ఎత్తింది.

టుంయ్. టుంయ్. టుంయ్.

చలికాలమంతా వినబడని చప్పుడు. సుంకులమ్మ సారె ఆపింది. ఉరుకుందు బండ మీద గుడ్డ వదిలేశాడు. "మామ విల్లు! మామ విల్లు!" అంటూ ఊరు ఊరంతా వంక ఒడ్డుకు పరుగెత్తింది. వచ్చి, విల్లు పట్టుకున్న పీరాంబీని చూసి నిలబడిపోయింది.

"పుస్తకం కావాలంట," అంది పీరాంబీ. "ఇయ్యండి."

సుంకులమ్మ ముందుకు వచ్చింది. ఆమె కొంగు పట్టుకుని లచ్చి వచ్చింది. పీరాంబీ మీటింది. సుంకులమ్మ చెప్పింది. కుమ్మరి నోట అరబీ, మట్టి వాసనతో వచ్చింది గాని తప్పు లేకుండా వచ్చింది. గింజతో ఉన్న పత్తిని నేను. గింజను తీసే చేయి నీది. నొప్పి నాది, తెలుపు నీది.

మౌల్వీ చేయి అంగీ లోపలికి వెళ్లింది. ఏళ్లుగా దాచుకున్న కాగితాన్ని తీశాడు. "మళ్లీ చెప్పమ్మా." ఆమె మళ్లీ చెప్పింది. ఆయన వేలు వరుస వెంట కదిలింది. వరుస చివరికి వచ్చి ఆగింది.

"ఒక్క అక్షరం తేడా లేదు," అన్నాడు మౌల్వీ. కర్రను పక్కన పడుకోబెట్టాడు. "షరీఫ్, కలం తియ్యి."

రెండో పుట బీరప్పది. బీరప్ప వచ్చి నిలబడ్డాడు. తల గోక్కున్నాడు. చెమటలు పట్టాయి.

"ఏమిరా, మింగినది కక్కలేవా?" అంది సుంకులమ్మ.

"ఉండక్కా! నేను దినాము గొర్ల ముందర చెప్పుకుంటాను. ఎదురుగా గొర్రె లేకుంటే నాకు మాట రాదు."

"పెద్ద మనిషి ఎదురుగా ఉండాడుగదా, ఆయన్నే చూసి చెప్పు!"

"గొర్రెనే తేండబ్బా!"

గొర్రెను తెచ్చారు. అది బీరప్పను చూసి 'మే' అంది. వెంటనే బీరప్ప కళ్లు మూసుకుని గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడు. 'ప్రభూ, దెబ్బ తిన్న దూది పైకి లేస్తుంది. నన్ను కొట్టే చేతిని ఆపమని అడగను. కొట్టినప్పుడు నన్ను లేపు.' షరీఫు నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగి, కలం కదిలింది.

మూడో పుటకు ఉరుకుందు వచ్చాడు. "ఇది నాది కాదు, నా ఇంటిదానిది," అన్నాడు. "ఆమె నాకు ఒప్పజెప్పి పోయింది." 'ప్రభూ, పరుపు మీద పడుకున్నవాడు ఏకినవాణ్ణి ఎరుగడు. నీవు నన్ను ఎరుగుదువు. అది చాలు.' చెప్పి, తడి చేతులు తుడుచుకుంటూ వెనక్కి వెళ్లాడు.

మొదటి రోజు పదమూడు పుటలు వచ్చాయి. రెండో రోజు పదమూడు పుటలు వచ్చాయి. మూడో రోజు పదమూడు పుటలు వచ్చాయి. ముసలివారు వచ్చారు, బాలింతలు వచ్చారు, కర్రల మీద వచ్చారు, చంకల్లో వచ్చారు. మూడు రోజులూ విల్లు మీటింది పీరాంబీ. ఆమె భుజం వాచింది. ఆమె ఆపలేదు.

ముప్పై తొమ్మిదో పుట రాసి షరీఫు తలెత్తాడు. "నలభయ్యోది?"

అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"నలభయ్యోది ఎవరు తాగారు?" అన్నాడు మౌల్వీ. ఆయన గొంతులో దిగులు ఉంది. "నేను ఆ రోజే చెప్పాను. సగం పుస్తకానికి చోటు లేదు. చివర లేని పుస్తకం కూడా సగం పుస్తకమే."

పీరాంబీ తల వంచుకుంది. అది ఆమెకు తెలుసు. ఆమెకు ఒక్కదానికే తెలుసు. హొన్నూరుసా పోయాక ఆ ఇంట్లో మిగిలినది అదొక్కటే. పొయ్యి ముందు కూర్చుని, పైకి వినబడకుండా, రోజూ దాన్ని చెప్పుకునేది. చెప్పుకున్నంతసేపు అతడు ఎదురుగా ఉన్నట్లుండేది. కాగితం మీదికి ఎక్కితే అది అందరిదవుతుంది. అదీగాక ఆ పుటలో తన సంగతి ఉంది. నలుగురిలో తన గొప్ప తానే చెప్పుకునే ఇల్లాలు ఎక్కడైనా ఉంటుందా?

సుంకులమ్మ ఆమె పక్కన చతికిలబడింది. "మా అందరియీ తీసుకునిరి. నీదేది వదినా? ఆయప్ప నీకు ఇయ్యకుండా పోయెనా?"

ఆ మాట పీరాంబీకి ముల్లులా తగిలింది. ఊరంతా అలాగే అనుకుంటుందా? తనకు ఏమీ ఇవ్వకుండా పోయాడని?

"ఇచ్చినాడు," అంది పీరాంబీ.

ఆమె విల్లు పక్కన పెట్టింది. ఒక పక్క మీటుతూ ఆ పుట చెప్పడం తన వల్ల కాదని ఆమెకు తెలుసు. అప్పుడు షరీఫు లేచాడు. కలాన్ని మౌల్వీ చేతికిచ్చాడు.

"విల్లు నేను పట్టుకుంటాను అమ్మా. చెయ్యి తిరగలేదు, తప్పయితే తిట్టు," అన్నాడు. గడ్డం విల్లుకు తగలకుండా పక్కకు తీసుకున్నాడు. బీరప్ప ఒక్కడు కిసుక్కున నవ్వాడు.

టుంయ్, టుంయ్, టుంయ్.

పీరాంబీ చెప్పింది. మొదట అరబీలో. తర్వాత, ఊరి కోసం, తెలుగులో.

'ప్రభూ, ఈ పుస్తకాన్ని రాసింది నేననుకుంటారు. ఎదురుగా కూర్చుని గింజలు ఏరిన ఒక స్త్రీ ఉంది. నేను మాట చెప్పినప్పుడు ఆమె నోరు బాగుందనేది. నేను ఆమె నోటిని అడగలేదు. ఆమె చేతిని చూశాను. చేయి ఆగకుండా ఏరుతూనే ఉంటే, ఆ మాట వదిలివేశాను. చేయి దూది మీద ఆగిపోతే, ఆ మాట రాశాను. ఇంతకుముందు పుటలన్నీ ఆగిన ఆ చేయి రాసినవే. నీ దగ్గర పేర్లు రాసేటప్పుడు ఆమె పేరు ముందు రాయి. నా పేరు తర్వాత రాయి. చోటు లేకపోతే నాది రాయకు.'

విల్లు ఆగింది. పీరాంబీ మెల్లగా తలెత్తింది.

మౌల్వీ కలం కాగితం మీద లేదు. గాలిలో ఉంది. ఆయన చేయి ఆగిపోయి ఉంది.

ఏడేళ్లు హొన్నూరుసా తల వంచి ఏమి చూశాడో పీరాంబీ అప్పుడు చూసింది. ఆమె నవ్వింది. అతడు పోయాక ఆమె నవ్వడం అదే మొదలు.

తర్వాత జరిగింది ఊరు ఊరంతా కలిసి చేసిన పండుగ. కొత్త పరుపు కుట్టారు. ప్రతి ఇంటి నుంచీ ఒక చిటికెడు దూది వేశారు. ఆ పరుపు మీద పుస్తకాన్ని పెట్టి, నలుగురు నాలుగు మూలలా మోస్తూ, వంక దారి వెంట కోటపట్నానికి నడిచారు. ముందు పీరాంబీ, వెనుక వంకదరి, అందరికంటే వెనుక బీరప్ప గొర్రె. మదరసా ముందు గుమ్మంలో కావలివాడు పరుపును చూశాడు. నోరు తెరిచాడు.

"పరుపులు..."

"ముందు గుమ్మం నుంచే," అన్నాడు షరీఫు.

తలుపులు రెండు రెక్కలూ తెరుచుకున్నాయి. అక్కడి సభలో, తెలిసినవాళ్ల ముందు, కితాబుల్ ఖుత్న్‌ను మొదటి పుట నుంచి చివరి పుట దాకా చదివారు. చదివింది మౌల్వీ. తాళం పట్టింది పీరాంబీ. అట్ట మీద మౌల్వీ తన చేత్తో రెండు పేర్లు రాశాడు. ముందు పీరాంబీ. తర్వాత హొన్నూరుసా. చోటు సరిపోయింది.

ఆ అలమర ఉందో లేదో కథకు తెలియదు. ఆ కోట గోడల మీద ఇప్పుడు తుమ్మచెట్లు మొలిచాయంటారు. కాని వంకదరిలో పుస్తకం ఉంది. అక్కడ నీళ్లు ఇప్పటికీ మూడు పొంగులు కాచి తాగుతారు. అక్కడ పెళ్లిచూపులకు పోతే, ఇల్లు ఎంత, పొలం ఎంత అని ముందు అడగరు. "మీది ఎన్నో పుట?" అని అడుగుతారు. పీటల మీద పిల్ల తన ఇంటి పుట చెబుతుంది, పిల్లవాడు తన ఇంటి పుట చెబుతాడు. బీరప్ప ఇంటివారు మాత్రం గొర్రెను పక్కన కట్టుకుని చెబుతారు. నలభయ్యో పుట ఏ ఇంటిదీ కాదు. ఎవరైనా లోకం విడిచి వెళ్లినప్పుడు, వారికి ఎదురుగా కూర్చుని బతికినవారి కోసం, దాన్ని ఊరంతా కలిసి చెబుతుంది.

ఇంకొక్కటి. వంకదరిలో ఎవరైనా మంచి పాట పాడితే, మంచి మాట చెబితే, బాగుందని ఎవరూ అనరు. "చేయి ఆగిందా?" అని అడుగుతారు.

ఈ కథ వింటూ చేతిలో పని ఆపినవారికి మేలు జరుగుగాక. ఆగకపోతే తప్పు కథది కాదు, చెప్పినవారిది.